బిల్లా హాజిర్

మా ఇంట్లో పిల్లుల్ని పెంచే అలవాటు ఏనాడూ లేదు. ఎలుకల్ని పెంచే అలవాటు ఉండేది. జొన్నలు పోసుకునే వెదురు గుమ్మి మా తాత అల్లించినది. పైనుంచి మేము తీసుకుని తినేవాళ్ళం, అడుగునుంచి ఎలుకలు తీసుకుని తినేవి. ఎవరి వాటా వారిదే అన్నట్టు ఏళ్ళకేళ్ళు గడిచిపోయాయి. మా బాపు అప్పుడప్పుడు మట్టిలో పేడ కలిపి అడుగున కన్నం పూడ్చేవాడు. తెల్లారేసరికి అవి పక్కన ఇంకొకటి తోడేవి. బాపుకు ఎవరితోనూ గొడవపడటం ఇష్టం ఉండేది కాదు, ఎలుకలతో కూడా.

మాది అచ్చంపేట వైపు, నల్లమల అడవి మొదలయ్యే చోట చిన్న ఊరు. అప్పుడు నైజాం రాజ్యం. కొంచెం చెలక, ఒక బర్రె, రెండెడ్లు, మట్టి మిద్దె, ఇదీ మా ఆస్తి. ఇంట్లో బాపు, అమ్మ, బాపును కన్న అవ్వ, నేను. నాకు ముందు పుట్టినవాళ్ళు పురిట్లోనే పోయారట, అందుకని నన్ను గారాబంగా పెంచుతున్నారని ఊరంతా అనుకునేది. ఆ గారాబం ఎక్కడుండేదో నాకు తెలియదు గానీ, ఒక్కదాన్నే కాబట్టి పనంతా నా మీదే పడేది.

ఒక చలికాలం పొద్దున అవ్వ లేచి చూసుకుంటే ఆమె మడమ చర్మాన్ని ఎలుక కొరికి ఉంది. పగిలి మొద్దుబారిన మడమ, కొరుకుతుంటే తెలియను కూడా లేదు. నొప్పి లేకపోయినా పరువు పోయింది. వాకిట్లో కూర్చుని కాలు చాపి దారిన పోయేవాళ్ళందరికీ చూపించింది.

"నేను సచ్చినంకనన్న తింటయనుకుంటి. అందాక గూడ ఆగుతలేవు," అంది.

ఆ మాటలు బాపుకు తగిలాయో లేదో గానీ అమ్మకు తగిలాయి. అమ్మ తల్లిగారి ఊరు వాగు అవతలే. అక్కడ ఏదో పని మీద పోయి, వచ్చేటప్పుడు నెత్తిన గంప పెట్టుకుని వచ్చింది. గంప మీద ఇంకో గంప బోర్లించి తాడుతో కట్టి ఉంది. లోపలి నుంచి చిన్నగా, సూదితో గుచ్చినట్టు ఏడుపులు వినిపిస్తున్నాయి. విప్పి చూస్తే మూడు పిల్లిపిల్లలు. కళ్ళు అప్పుడప్పుడే తెరుచుకున్నాయి, నీలంగా, మబ్బుగా. తల్లి పిల్లిని కుక్కలు చంపేశాయట. వాళ్ళింట్లో ఎవరూ వీటిని పట్టించుకోకపోతే అమ్మ తెచ్చేసింది.

అవ్వ గంపలోకి ఒక చూపు చూసింది. "తల్లిగారింటికాడికెళ్ళి ఆవును తెచ్చుకుంటరు, బర్రెను తెచ్చుకుంటరు. నీ తల్లిగారు పిల్లులను ఇచ్చి తోలిండ్రా?"

"నీ మడిమెలు గొరుకుతున్నయంటివి గదత్తా," అంది అమ్మ.

"ఇవి ఎలుకలను పడుతయా? వీటినే ఎలుకలు పడుతయి."

అది నిజమే. మా గుమ్మి కింది ఎలుకలు బలిసి వీటికి రెండింతలుండేవి. అయినా అమ్మ గంపను నా ముందు పెట్టి, "ఇగ వీటి పాణం నీ చేతుల్నే ఉన్నది. సాదుకో," అంది. సాదుకోవడమంటే మావైపు పెంచుకోవడం. కన్నవాళ్ళు లేని పిల్లను తెచ్చుకుని పెంచినా ఆ మాటే అంటారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయేమో. ప్రాణం చేతిలో ఉందంటే ఊరికే మాటవరసకు అన్నదని నేను అనుకోలేదు.

పాత కుండ ఒకటి అంచు పగిలి మూలన పడి ఉంటే, దాన్ని పక్కకు వాల్చి, లోపల అమ్మ చిరిగిన చీర పేలికలు పరిచి, పొయ్యి పక్కన పెట్టాను. మూడూ ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకునేవి. అడుగున పడ్డది అరిచేది, పైకి ఎక్కేది, మళ్ళీ ఇంకొకటి అడుగున పడేది. పాలు తాగించడం మాత్రం నా వల్ల కాలేదు. గిన్నెలో పోస్తే ముక్కులు ముంచి తుమ్ముతున్నాయి. అమ్మ దూదితో దీపం వత్తిలాంటిది చేసి, పాలలో తడిపి నోటికి అందించడం నేర్పింది. వత్తిని పట్టుకుని ముందు కాళ్ళతో గాలిలో పిసుకుతూ పీల్చేవి. తల్లి రొమ్ము అక్కడే ఎక్కడో ఉందని వాటి నమ్మకం.

మూడింటిలో నల్లది బర్రెపాలు పడక విరేచనాలు పట్టుకుని, రెండు రోజులు నీలిగి పోయింది. కొట్టం వెనక గుంట తీసి నేనే పూడ్చి వచ్చాను. ఏడుస్తుంటే అవ్వ, "బర్రెపాలు చిక్కగుంటయే పిల్లా. నీళ్ళు గలిపి పోస్తరు. గంత గూడ ఎర్కలేదా?" అంది. ఎరుక లేదు. తెలిసిన ఆమె మొదటి రోజే చెప్పొచ్చు కదా! చెప్పకపోవడం మా ఇంటి అలవాటని అప్పటికి నాకు తెలియదు.

ఆ తర్వాత మాత్రం అవ్వ ఊరుకోలేదు. సగం పాలు, సగం నీళ్ళు, గోరువెచ్చగా ఉండాలంది. పాలు తాగాక తడిగుడ్డతో పొట్ట కిందా తోక కిందా మెల్లగా రుద్దితేనే అవి దొడ్డికి కూర్చుంటాయని, తల్లి పిల్లి నాలుకతో చేసే పని అదేనని అమ్మ చెప్పింది. రోజుకు ఎన్నిసార్లో రుద్దేదాన్ని. మా ఇంటికి వచ్చిన ఆడవాళ్ళు చూసి ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు. చిన్నపిల్ల ముడ్డి కడగడానికే తల్లులు విసుక్కుంటుంటే, ఇది పిల్లి ముడ్డి తుడుస్తున్నదని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. పొయ్యిలో బూడిద చల్లారాక ఒక చిప్పలో పోసి మూలన పెడితే, కొన్నాళ్ళకు అవే వెళ్ళి అందులో గోకి కూర్చోవడం నేర్చుకున్నాయి. మొదటిసారి అలా కూర్చున్న రోజు నేను కేక పెడితే బాపు ఎవరికేమైందోనని చెలక నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. సంగతి తెలిసి తలమీద ఒక మొట్టికాయ వేసి, మళ్ళీ నవ్వుతూ వెళ్ళిపోయాడు.

మిగిలిన రెండింటిలో ఒకటి ఎర్రది, ఒకటి బూడిదరంగుది. పేర్లు పెట్టొద్దంది అవ్వ. "పేరు వెడితె పాణం అంటుకుంటది. బతికి బట్ట గట్టినంక సూద్దాం," అంది. అందుకని ఎర్రది, బూడిదది అనే పిలిచాను. ప్రాణం అంటుకోవడానికి పేరే కావాలా? ఎర్రదానికి నా మెడ దగ్గర జుట్టులో మూతి దూర్చి పడుకోవడం అలవాటు. దాని గుర్రుగుర్రు నా దవడ ఎముకలోకి దిగేది. అవ్వ ఒకనాడు దాని తోక ఎత్తి చూసి, "ఇది గండుదే, ఇగ ఎలుకలకు మూడింది," అని తీర్పు చెప్పింది. ఆ సంగతి వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పింది కూడా. మనవడు లేని కొరతను ఆమె అలా తీర్చుకున్నదేమో.

నేను ఎక్కువ భయపడింది పటేలు పిల్లులకు. మా ఊరి పటేలు ఇంట్లో రెండు గండుపిల్లులు బలిసి ఉండేవి. ఊళ్ళో ఎవరి ఉట్టి మీద పాలైనా అవి తాగొచ్చు, ఎవరూ కర్ర ఎత్తరు. పటేలు మనిషే పిల్లికి బిచ్చం పెట్టని రకం, ఆ రెంటికీ తిండి మా బోంట్ల ఇళ్ళల్లోనే. పెద్ద గండుపిల్లి చిన్న గండును చూస్తే మెడ కొరికి చంపుతుందని అమ్మ చెప్పింది. అవి మిద్దె అంచున కనిపిస్తే చాలు, నేను పేడకళ్ళు విసిరేదాన్ని. చీపురు పక్కన పెట్టుకుని అన్నం తినేదాన్ని. మాటువేసి కాపలా కాసిందంతా పటేలు పిల్లుల గురించే. పటేలు గురించి కాపలా కాయాలని నాకు తోచలేదు.

చలి తగ్గేనాటికి రెండూ ఇల్లంతా తిరగసాగాయి. అవ్వ గొంగడి వాటి జాగా అయిపోయింది. తిట్టుకుంటూనే ఆమె కాళ్ళు ముడుచుకుని వాటికి చోటిచ్చేది. ఒకరోజు ఎర్రది ఒక మిడతను పట్టుకొచ్చి అవ్వ పాదాల దగ్గర పెట్టి, మెచ్చుకోమన్నట్టు చూసింది. అవ్వ ఆ మిడతను వేళ్ళతో ఎత్తి వాకిట్లోకి వెళ్ళి పొరుగామెకు చూపించింది. "ఇయ్యాల మిడుత, రేపు ఎలుక," అని చాలాసేపు మాట్లాడింది. ఇంకో ఎండాకాలం గడిస్తే అది మిద్దెలెక్కి తిరిగే గండుపిల్లి అయ్యేది. దాన్ని అంతవరకూ బతికించాలన్నదే నా పట్టుదల. అంతకు మించి నేను ఎవరినీ ఏమీ అడగలేదు.

అప్పుడే ఊళ్ళో డప్పు వేశారు, సర్కారు సాయబు దౌరాకు వస్తున్నాడని. దౌరా అంటే పెద్ద ఉద్యోగులు ఊళ్ళు తిరిగి చూడటం. ఆయన ఏ శాఖ సాయబో నాకిప్పటికీ తెలియదు. మాకు తెలిసిందల్లా ఆయన మా ఊళ్ళో ఆగి, అట్నుంచి నల్లమలకు వేటకు పోతాడని. సాయబు ఊళ్ళో ఉన్నన్ని రోజులు ఇంటింటి నుంచి మంచాలు, కోళ్ళు, కట్టెలు, గడ్డి చావడికి పోవాలి. పాలు, పెరుగు సంగతి చెప్పనక్కరలేదు. ఇది ఇష్టపడి చేసే పని కాదు, వెట్టి. మా బర్రె పాలన్నీ రెండు పూటలా బాపే స్వయంగా చావడికి మోసుకుపోయేవాడు. ఆ రోజుల్లో పిల్లులకు జొన్న గట్క మీద తేటనీళ్ళు పోశాను. బూడిదది నాకింది. ఎర్రది వాసన చూసి, నా మొహంలోకి చూసి, ఖాళీ పాలచెంబు చుట్టూ తిరిగింది.

సాయబు వచ్చిన రెండో రోజు పొద్దెక్కాక బాపు చావడి నుంచి వచ్చాడు. వెంట ఊరి పనులకు తిరిగే మస్కూరి ఉన్నాడు. అతను గుమ్మం బయటే నిలబడ్డాడు. బాపు లోపలికి వచ్చి, చెంబు కింద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"బిడ్డా, ఎర్రదాన్ని ఇయ్యి. సాయబుకు గావాల్నంట."

నాకు అర్థం కాలేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. "పిల్లితోని ఏం పని సాయబుకు?"

"చావడిల ఎలుకలున్నయంట. పటేలు హుకుం జేసిండు. గండుదే గావాల్నంట, ఆడిది గాదంట."

"పటేలింట్ల రెండు గండులు లేవా? ఊర్ల మంది కూడు దిని కొవ్వెక్కి తిరుగుతున్నయి గద. అవి గనవడతలేవా?"

బయట మస్కూరి గొంతు సవరించుకున్నాడు. "జర జల్దీ ఇయ్యుండ్రయ్యా. ఆలస్యమైతె నా వీపు పలుగుతది," అన్నాడు. అతని తప్పేమీ లేదు. అతని మీద నాకు కోపం ఎప్పుడూ లేదు.

నేను ఎర్రదాన్ని పట్టుకుని గుమ్మి వెనక్కి దూరాను. చీకట్లో దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటున్నది. బాపు వంగి, చెయ్యి చాపి, "సాయంత్రం మళ్ళ దెస్త తియ్యి బిడ్డా. ఒక్కపూట ఎలుకలను బెదిరిచ్చి వస్తది," అన్నాడు. బాపు ఎప్పుడూ నాతో అబద్ధం చెప్పలేదు. కనీసం నేను అప్పటిదాకా అలాగే నమ్మాను. ఇచ్చేశాను. ఆయన దాన్ని జాగ్రత్తగా గంపలో పెట్టి, వెదుళ్ళు గుచ్చుకుంటాయేమోనని కింద పేలిక కూడా పరిచి, పైన ఇంకో గంప బోర్లించాడు. అమ్మ నోటికి వచ్చినట్టు పటేలును తిడుతుంటే అవ్వ మంచంలోంచి, "ఊకో కోడలా. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతయా?" అంది.

నేను వాళ్ళ వెనకే పరిగెత్తాను. ఆడపిల్లలు చావడి దగ్గరికి పోకూడదు. గోడ పక్కన పెట్టిన ఎడ్లబండి చాటున నిలబడ్డాను.

చావడి ముందు మంచం మీద సాయబు కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, కళ్ళద్దాలు, చేతిలో చాయ్. మంచం కోడుకు రెండు వేటకుక్కలు కట్టేసి ఉన్నాయి, నడుములు లోపలికి పోయి కాళ్ళు పొడుగ్గా ఉన్నవి. పక్కన ఆయన చప్రాసి, అంటే బంట్రోతు, చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. మా పటేలు బాపు చేతిలోని గంపను తాను అందుకుని, రెండడుగులు ముందుకు వేసి, వంగి, తన ఉర్దూ అంతా కూడగట్టుకుని అన్నాడు.

"హుజూర్, బిల్లా హాజిర్!"

సాయబు గంప వైపు చూశాడు. గంప లోపలి నుంచి ఎర్రది అరిచింది. సాయబు నవ్వడం మొదలుపెట్టాడు. చాయ్ తొణికి బట్టల మీద పడేదాకా నవ్వాడు. చప్రాసి మాత్రం తల బాదుకుని, భుజం మీదుగా వేసుకున్న ఖాళీ తోలుపట్టాను రెండు చేతులతో చరుస్తూ, మంచి తెలుగులోనే అరిచాడు.

"పిల్లి గాదు పటేలా! బిల్లా, బిల్లా! ఇగో గీడ ఉంటది సూడు, ఇత్తడిది, సర్కారుది! అది వోయింది, ఎతికి తెమ్మంటి! నాకు తెలుగు రాదనుకున్నవా? తెలుగుల అడుగక వోతివి?"

జరిగింది ఇదీ. చప్రాసి రొమ్ము మీద పెట్టుకునే ఇత్తడి బిళ్ళ ఎక్కడో పడిపోయింది. బిళ్ళ లేకుండా సాయబు ముందు నిలబడితే అతని నౌకరీకి ఎసరు. ఉర్దూలో దాన్ని బిల్లా అంటారు. బిల్లా లావ్, జల్దీ లావ్ అని అతను పటేలుతో చెప్పాడు. పటేలు ఉర్దూ అంటే హాజిరు, హుకుము, ఫౌరన్, ఇంకో నాలుగు మాటలు. బిల్లీ అంటే పిల్లి అని అతనికి తెలుసు. బిల్లీ ఆడపిల్లి అయితే బిల్లా మగపిల్లి కావాలి కదా అని లెక్క కట్టుకున్నాడు. ఆ లెక్క నిజానికి తప్పు కూడా కాదు, ఆ మాటకు గండుపిల్లి అనే అర్థమూ ఉందట. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమని అడిగి ఉంటే సరిపోయేది. కానీ ఊళ్ళో ఉర్దూ వచ్చినవాడు తానొక్కడే అని మీసం తిప్పుకునే మనిషి పదిమంది ముందు ఎలా అడుగుతాడు?

సాయబు నవ్వుతున్నాడు కాబట్టి పటేలు కూడా నవ్వాడు. పటేలు నవ్వాడు కాబట్టి చావడి ముందు ఉన్నవాళ్ళంతా నవ్వారు. బాపు కూడా నవ్వాడు. బండి చాటు నుంచి నేను చూశాను. పటేలు నవ్వుతూనే, ఇక దీనితో పనిలేదన్నట్టు గంపను కింద పడేశాడు. పై గంప పక్కకు ఒరిగింది. ఎర్రది బయటికి వచ్చి, అన్ని కాళ్ళ మధ్య ఎటు పోవాలో తెలియక, మంచం కిందికి పరిగెత్తింది. అక్కడ నీడ ఉంది కదా అనుకుని ఉంటుంది.

కుక్కలకు అరవాల్సిన పని కూడా పడలేదు. ఒకటి మెడ పట్టి విదిలించింది, రెండోది లాక్కుంది. చప్రాసి కర్ర తీసుకునేలోపే అయిపోయింది. సాయబు నవ్వు ఆపి, నాలుక చప్పరించి, "అఫ్సోస్," అన్నాడు. అయ్యో పాపం అని. ఆయన దుర్మార్గుడేం కాదు. ఆ ఒక్కమాట అని, తడిసిన బట్టలు చూసుకుని, ఇంకో చాయ్ తెమ్మన్నాడు.

నేను అరుస్తూ వెళ్ళి మంచం కింద చెయ్యి పెట్టబోతే బాపు నన్ను నడుము దగ్గర పట్టుకుని ఎత్తి, చావడి వెనక నుంచి ఇంటికి మోసుకొచ్చాడు. దారంతా నా నోరు మూసి ఉంచాడు. ఆయన అరచెయ్యి పాల వాసన వేసింది. ఆ పాలు ఆ పూట మంచం మీద కూర్చున్నవాళ్ళ చాయ్‌లోకి పోయినవే. ఇత్తడి బిళ్ళ మధ్యాహ్నానికి వాళ్ళ గుర్రం జీను కింద దొరికిందని, పటేలు అందరికంటే గట్టిగా సంబరపడ్డాడని తర్వాత విన్నాను. ఎర్రదాన్ని నాకు పూడ్చడానికి కూడా ఇవ్వలేదు.

అవ్వ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పిల్లిని చంపిన పాపం గుడి కట్టినా పోదంటారు. ఆ పాపం మా ఇంటికి చుట్టుకుంటుందని ఆమె దిగులు. "మనమేం సంపినమత్తా?" అని అమ్మ అడిగితే, "సాదినోళ్ళకే వస్తది పాపం. సంపినోళ్ళకు ఏమొస్తది?" అంది. అది విని నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది. పటేలు ఇంట్లో ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు. అతని గండుపిల్లులు మా మిద్దె మీద ఎప్పటిలాగే తిరిగాయి.

బూడిదది కొన్నాళ్ళు గుమ్మి చుట్టూ, కుండ చుట్టూ వెతుక్కుంటూ అరిచింది. తర్వాత మానేసింది. ఎలుకల్ని పట్టింది, పిల్లల్ని కన్నది, ఇంట్లో జొన్నలు మిగిలాయి. ఇల్లు లాభపడిందని బాపు ఒకసారి అన్నాడు కూడా. ఊళ్ళో మాత్రం "బిల్లా హాజిర్" అనేది ఒక సామెత అయిపోయింది. ఒకటి అడిగితే ఇంకొకటి తెచ్చినవాణ్ణి అలా వెక్కిరించేవాళ్ళు. పార తెమ్మంటే గొడ్డలి తెచ్చిన కొడుకును, ఉప్పడిగితే చింతపండు ఇచ్చిన కోడలిని, అందరినీ ఆ మాటే. నేను నీళ్ళకు పోతే వెనక నుంచి ఎవరో ఒకరు ఆ మాట అనేవాళ్ళు, పకపకా నవ్వేవాళ్ళు. ఏం నవ్వేవాళ్ళో! వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. పటేలు మీద నవ్వడానికి వాళ్ళకు దొరికిన ఒకే ఒక్క సందు అది. ఆ సందులో నా పిల్లి చచ్చిపడి ఉందన్నది వాళ్ళకు కనబడలేదు.

నైజాం రాజ్యం కూలిన ఏడాది, చలికాలం. అంతకుముందే పటేలు పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని పట్నం వెళ్ళిపోయాడు, ఇంకా తిరిగి రాలేదు. ఊళ్ళో అందరికీ నోళ్ళు వచ్చాయి. సాయంత్రమైతే మా వాకిట్లో చలిమంట చుట్టూ మగవాళ్ళు చేరేవాళ్ళు. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్న కథలన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. అప్పటికి నాకు పెళ్ళి కుదిరింది. నన్ను వాగు అవతలి ఊళ్ళో ఇస్తున్నారు. ఒక సాయంత్రం బాపు నీళ్ళు తెమ్మని కేక వేస్తే చెంబుతో వాకిట్లోకి వచ్చాను. ఎవరో ఎప్పటిలాగే "బిల్లా హాజిర్" కథ ఎత్తారు.

బాపు అప్పుడు చెప్పాడు. ఎన్నడూ లేనంత హుషారుగా, మంటలోకి పుల్ల తోస్తూ.

"నాకు అప్పుడే సమజైంది రా. నేను పాలు వోస్తున్న, నా ముంగటనే గద అడిగింది. చప్రాసి రొమ్ము మీద చెయ్యేసుకొని బిల్లా బిల్లా అనవట్టె. ఎవడన్న పిల్లిని రొమ్ముకు గట్టుకుంటడా? బిళ్ళ అంటె బిళ్ళనే. మనకేం ఉర్దూ అక్కెరలేదు దానికి."

అందరూ పడీ పడీ నవ్వారు. ఒకతను కళ్ళు తుడుచుకుంటూ, "మరి జెప్పకపోయినవా కాకా?" అన్నాడు.

"ఎట్ల జెప్త? పదిమంది ముందట పటేలు హుకుం జేసిండాయె. నీకు ఉర్దూ రాదు పటేలా అంటె ఊకుంటడా? చెలక గుంజుకుంటడు. పిల్లితోని పోయింది తియ్యి, మంచిగైంది."

నేను చెంబు పట్టుకుని అక్కడే ఉన్నాను. గుమ్మి వెనక చీకట్లోకి వంగి "సాయంత్రం మళ్ళ దెస్త" అన్న మనిషికి, ఆ మాట అంటున్నప్పుడే అన్నీ తెలుసు. పేలిక పరుస్తున్నప్పుడు కూడా తెలుసు. పటేలు మీద ఇన్నేళ్ళూ మోసిన కోపం ఎక్కడ దించాలో తెలియలేదు. బాపుది భయమే, నాకు తెలుసు. భయపడనివాడు ఆ ఊళ్ళో ఎవడున్నాడు? కానీ ఆ భయాన్ని తలుచుకుని ఆయన నవ్వుతున్నాడు. అది నేను తట్టుకోలేకపోయాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"బాపూ, గా దినం పటేలుకు పిల్లి అని గాక పిల్ల అని సమజైతే, గంపల ఎవలను వెట్టుకొని పోతుంటివి?"

నవ్వు ఆగిపోయింది. మంట చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే చేతులు కాచుకోవడంలో పడ్డారు. లోపల గుమ్మం దగ్గర అమ్మ నిలబడి ఉన్నది, ఆమె కూడా నన్ను కసురుకోలేదు. బాపు నా చేతిలోని చెంబు వైపు చూశాడు, అందుకోలేదు.

ఆయన ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు బతికాడు. నా పెళ్ళి చేశాడు, పురుళ్ళు పోయించాడు, నా పిల్లల్ని భుజాల మీద తిప్పాడు. ఆ మాటకు మాత్రం జవాబు చెప్పలేదు.